బి.పి. అంటే కోపం కాదు

పొద్దుటి హడావుడి సద్దుమణిగి, ఇంట్లోవాళ్లు ఎవరి పనులకు వాళ్లు వెళ్లాక, మనం కాస్త కూర్చుని ఊపిరి పీల్చుకునే వేళ ఇది. ఈ వేళ మనందరి నోటా రోజూ నలిగే ఒక మాట గురించి ముచ్చటించుకుందాం. అదే బి.పి. తెలుగులో చెప్పాలంటే రక్తపోటు.

"నా బి.పి. పెంచకురా" అని పిల్లవాణ్ణి కసురుకుంటాం. "ఆయనది బి.పి. మనిషి లెండి, ఊరికే కస్సుమంటాడు" అని పక్కింటావిడ మొగుడి గురించి నవ్వుతూ చెబుతుంది. మన మాటల్లో బి.పి. అంటే కోపమనే అర్థం స్థిరపడిపోయింది. మాట వరసకు అనుకుంటే ఫరవాలేదు. కాని, ఆ అర్థమే నిజమనుకుని ఎంతమంది మోసపోతున్నారో! నాకు ఆ సంగతి మా ఆడబిడ్డ అత్తగారి మూలంగా తెలిసింది.

హనుమకొండ నుంచి కరీంనగర్ రోడ్డున పోతుంటే హసన్‌పర్తి వస్తుంది. హోలీ రోజుల్లో ఎర్రగట్టు గుట్ట జాతరకు వెళ్లినవాళ్లకు ఆ దారి తెలిసే ఉంటుంది. మా ఆడబిడ్డను ఆ ఊరే ఇచ్చాం. ఆమె అత్తగారిని నేను కూడా అత్తమ్మా అనే పిలుస్తాను. ఆమె నోట ఒక పరుషమైన మాట రావడం మేమెవ్వరం ఎరుగం. కోడలు పాలు పొంగబెట్టి పొయ్యి ఆర్పేసినా నవ్వి ఊరుకునే మనిషి. అటువంటి అత్తమ్మకు యాభై ఎనిమిదో ఏట, ఇంటింటికీ తిరిగి పరీక్షలు చేసే ఏ.ఎన్.ఎం. అమ్మాయి చేతికి పట్టీ కట్టి చూస్తే 172/104 వచ్చింది. అత్తమ్మ నమ్మితేగా!

"నాకెందుకుంటది బిడ్డా బి.పి.? నేను ఎవ్వరి మీద కోపం జెయ్య. తలకాయ నొయ్యదు, కండ్లు తిరుగవు. నీ మిషనే ఖరాబైనట్టుంది" అన్నది.

ఎలాగో బతిమాలి డాక్టరుకు చూపించారు. రోజుకొక మాత్ర రాసిచ్చారు. నాలుగు నెలలు వేసుకుంది. మళ్లీ చూపిస్తే 128/80 ఉంది. "తక్కువైంది గదా, ఇంక మందెందుకు?" అని మానేసింది. ఇంట్లోవాళ్లు కూడా సరేనన్నారు. నాతో ఫోనులో చెబితే నేను కూడా "మంచిదే అత్తమ్మా, ఊరికే మందులు మింగడం దేనికి" అన్నాను. ఆ మాట దాచుకోను.

మరుసటి సంక్రాంతికి ముందు, సకినాలు చుట్టే రోజుల్లో, తెల్లవారుజామున లేచి పిండి కలపబోతే కుడిచెయ్యి మాట వినలేదు. మూతి ఒక పక్కకు కొద్దిగా లాగింది. చలికి తిమ్మిరి ఎక్కిందనుకుని నూనె రాసి పడుకోబెట్టారు. మధ్యాహ్నానికి మాట ముద్దగా రావడం మొదలయ్యాక గాని ఆసుపత్రికి బయలుదేరలేదు. అప్పటికి ఏడు గంటలు గడిచిపోయాయి. ప్రాణం దక్కింది. ఇప్పుడు కర్ర పట్టుకుని ఇంట్లోనే నడుస్తుంది. సగం మాటలు మనమే ఊహించుకోవాలి. చేతిలో పిండి ఉంటే వెంట్రుకవాసి తేడా లేకుండా సకినం తిప్పే ఆ వేళ్లు ఇప్పుడు గుండీ పెట్టుకోలేవు.

మరి ఇంతకూ రక్తపోటు అంటే ఏమిటి? మన డాబా మీది నీళ్ల ట్యాంకునూ, గొట్టాలనూ తలుచుకోండి. కొళాయి తిప్పితే నీళ్లు రావాలంటే గొట్టంలో కొంత ఒత్తిడి ఉండి తీరాలి. అలాగే తల నుంచి కాలి బొటనవేలి దాకా నెత్తురు చేరాలంటే రక్తనాళాల్లో ఒత్తిడి ఉండాలి. ఆ ఒత్తిడే రక్తపోటు. అంటే అది అందరికీ ఉంటుంది, ఉండాలి కూడా! "నాకు బి.పి. ఉంది" అన్నప్పుడు మనం చెప్పేది ఆ ఒత్తిడి ఉండవలసిన దానికంటే ఎక్కువగా, రోజూ, పొద్దస్తమానం ఉంటోందని.

మన గుండె రోజుకు సుమారు లక్షసార్లు కొట్టుకుంటుంది. అది ముడుచుకుని నెత్తుటిని తోసినప్పుడు నాళాల్లో ఉండే ఒత్తిడి పై అంకె. రెండు దెబ్బల మధ్య విశ్రమించినప్పుడు ఉండే ఒత్తిడి కింది అంకె. 120/80 అంటే ఒత్తిడి పాదరసాన్ని గొట్టంలో 120 మిల్లీమీటర్ల ఎత్తుకు, తర్వాత 80 ఎత్తుకు నిలబెట్టగలదని లెక్క. వేరువేరు రోజుల్లో చూసినా పై అంకె 140 గాని, కింది అంకె 90 గాని, ఆపైన గాని వస్తూంటే అది అధిక రక్తపోటు. రెండూ ఎక్కువ ఉండనక్కర్లేదు. ఏ ఒక్కటి పెరిగినా లెక్కే. ఇంట్లో తీరిగ్గా చూసుకునేటప్పుడైతే 135/85 దాటితేనే డాక్టరుతో మాట్లాడాలి.

కోపం వస్తే, మెట్లెక్కితే, పెద్దగా అరిస్తే ఒత్తిడి పెరుగుతుంది, నిజమే. కాసేపటికి దానంతట అదే దిగుతుంది. అది జబ్బు కాదు. జబ్బనేది దిగకుండా ఉండిపోవడం. అది నిమ్మళంగా ఉండే మనిషికీ వస్తుంది, అరిచే మనిషికీ వస్తుంది. తలనొప్పి, కళ్లు తిరగడం వంటివి చాలామందిలో అసలు ఉండనే ఉండవు. పాడైన పన్ను నొప్పి పెడుతుంది, ముల్లు దిగిన కాలు నొప్పి పెడుతుంది. ఇదేమో ఏళ్ల తరబడి ఒక్క మాట చెప్పకుండా లోపల తన పని తాను చేసుకుపోతుంది. అందుకని "నాకేమీ లేదు, బాగానే ఉన్నాను" అన్న మాటకు ఇక్కడ విలువ లేదు. పట్టీ కట్టి చూసిన అంకెకే విలువ.

ఆ అంకె తెలుసుకోవడం మనుషులకు చాలా ఆలస్యంగా చేతనైంది. స్టీఫెన్ హేల్స్ అనే ఇంగ్లీషు మతగురువు గుర్రపు రక్తనాళంలో గొట్టం పెట్టి నెత్తురు ఎంత ఎత్తుకు లేస్తుందో చూశాడు. ఆ వివరాలు 1733లో అచ్చయ్యాయి. మనుషులకు అలా చెయ్యలేరు కదా! ఇటలీలో రివా రోచీ 1896లో చేతికి చుట్టే పట్టీని కనిపెట్టాడు. రష్యాలో కొరొట్కాఫ్ అనే డాక్టరు 1905లో, మోచేతి దగ్గర స్టెతస్కోపు పెట్టి చప్పుళ్లు వింటూ రెండు అంకెలూ చెప్పవచ్చునని చూపించాడు. ఇప్పుడు డాక్టరు చెవికి పెట్టుకుని వినేవి ఆ చప్పుళ్లే.

కొలవడం వచ్చినా చాలాకాలం దాన్ని పట్టించుకోలేదు. వయసు వచ్చాక పోటు పెరగడం సహజమేనని పెద్ద డాక్టర్లు కూడా అనుకునేవారు. అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్‌కు 1944 మార్చిలో చూస్తే 186/108 ఉంది. ప్రపంచయుద్ధం నడిపిస్తున్న మనిషికి ఆ కాలంలో ఇవ్వడానికి సరైన మందే లేదు. 1945 ఏప్రిల్ 12న తల వెనక భరించలేని నొప్పి అన్నాడు. అప్పుడు 300/190 ఉంది. మెదడులో నాళం చిట్లి ఆ రోజే పోయాడు. అరవై మూడేళ్లు. ప్రపంచంలోకెల్లా బలమైన దేశాన్ని ఏలినవాడికి దొరకని మందు ఇప్పుడు మన సందు చివర మందుల షాపులో కొన్ని రూపాయలకు దొరుకుతోంది. మనమేమో మానేస్తున్నాం!

ఇక్కడ మన దేశం గొప్ప ఒకటి చెప్పుకోవాలి. సర్పగంధి అనే మొక్క వేరును మన నాటు వైద్యులు ఎప్పటి నుంచో వాడేవారు. 1931లో కలకత్తాలో గణనాథ్ సేన్, కార్తిక్ చంద్ర బోస్ అనే ఇద్దరు డాక్టర్లు ఆ వేరు రక్తపోటును తగ్గిస్తుందని రాశారు. బొంబాయి డాక్టరు రుస్తుం జాల్ వకీల్ 1949లో తన రోగుల వివరాలు ఇంగ్లండు పత్రికలో ప్రకటించేసరికి ప్రపంచమంతా మన వంక చూసింది. 1952లో స్విట్జర్లాండులో ఆ వేరు నుంచి రిసెర్పిన్ అనే మందును వేరుచేశారు. అయితే అది కొందరిని బాగా దిగులులోకి తోసేది. అంతకంటే మంచి మందులు రావడంతో వెనకబడింది. ఈ కథ విని వేరు తెచ్చి నూరుకుంటారేమో, ఆ పని మాత్రం చెయ్యకండి. ఏ వేరులో మందు ఎంత ఉందో రోలుకు తెలియదు.

"ఇదంతా పట్నంవాళ్ల జబ్బు, కూర్చుని తినేవాళ్ల జబ్బు" అనే మాట ఒకటుంది. అదీ నిజం కాదు. గోదావరి జిల్లాల్లో 45 పల్లెల్లో, 2003-04లో ఒక ఏడాది పాటు జరిగిన ప్రతి చావుకూ కారణం ఏమిటని ఆరా తీశారు. ఆ ఏడాది 1,354 మంది పోయారు. వారిలో నూటికి 32 మంది గుండె, రక్తనాళాల జబ్బులతోనే, అంటే గుండెపోటు, పక్షవాతం లాంటివాటితో పోయారు. అంటురోగాల కంటే ఇవే ముందున్నాయి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణలో పదిహేనేళ్లు దాటిన ఆడవాళ్లలో నూటికి 26 మందికి పోటు ఎక్కువగా ఉంది, లేదా దానికి మందు వాడుతున్నారు. మగవాళ్లలో నూటికి 31 మంది. మన వాకిట్లో నలుగురాడవాళ్లం కూర్చుంటే అందులో ఒకరన్నమాట.

మరి ఆ పోటు లోపల చేసే పనేమిటి? పాత ఇంట్లో ఇనుప గొట్టం చూశారా? ఒత్తిడి ఎక్కువైన కొద్దీ బలహీనమైన చోట పగులుతుంది, లేదా లోపల గార పట్టి మూసుకుపోతుంది. మెదడులో రెండూ జరుగుతాయి. నాళం చిట్లినా పక్షవాతమే, పూడుకుపోయినా పక్షవాతమే. గుండె సంగతి వేరు. ఎదురొత్తిడి మీద ఏళ్ల తరబడి తోసి తోసి దాని కండ దళసరెక్కుతుంది. దళసరెక్కితే బలమనుకోకండి. బిగుసుకుపోయిన కండ సరిగా విప్పారదు. చివరికి అలసిపోయి, నాలుగడుగులు వేస్తే ఆయాసం, కాళ్లకు నీరు. మూత్రపిండాలు టీ వడకట్టే జల్లెడ లాంటివి, కాకపోతే సన్నని నాళాలతో అల్లినవి. ఆ అల్లిక చెడితే మళ్లీ నేయలేం. కంటి వెనక పొరలో నాళాలు కూడా అంతే. కళ్లజోడు కోసం వెళ్తే కళ్ల డాక్టరు "మీకు బి.పి. ఉందా అమ్మా?" అని అడగడం మీలో కొందరికి అనుభవమే అయివుంటుంది.

నలభై నుంచి డెబ్బై ఏళ్ల లోపు వాళ్లలో పై అంకె 20 పెరిగిన ప్రతిసారీ పక్షవాతంతో గాని గుండెజబ్బుతో గాని పోయే ప్రమాదం రెట్టింపవుతుంది. దీన్ని తిప్పి చూసుకుంటే ధైర్యం వస్తుంది. పై అంకెను 10 తగ్గించుకుంటే పక్షవాతం వచ్చే అవకాశం నాలుగో వంతు దాకా తగ్గుతుంది.

కడుపుతో ఉన్న కూతుళ్లు, కోడళ్లు ఇంట్లో ఉన్నవాళ్లు ఈ ఒక్క ముక్కా జాగ్రత్తగా చదవండి. ఐదో నెల దాటాక కొందరికి ఉన్నట్టుండి పోటు పెరుగుతుంది. మూత్రంలో ప్రొటీను పోతుంది. కాళ్లవాపు గర్భిణులకు మామూలే గాని, మొహం, చేతులు ఉబ్బడం, తగ్గని తలనొప్పి, చూపు మసకబారడం, కడుపు పైభాగాన నొప్పి ఉంటే ఒక్క పూట కూడా ఆగకూడదు. ముదిరితే ఫిట్స్ వస్తాయి. మన పెద్దవాళ్లు గుర్రపువాతం అని భయపడేది దాన్నే. తల్లికీ బిడ్డకూ ప్రాణాపాయం. కాన్పయిన తర్వాత కొద్ది రోజుల్లో కూడా రావచ్చు, కనుక పురిటి హడావుడిలో బాలింతను మరిచిపోకూడదు. అలా ఒకసారి పోటు వచ్చినవాళ్లు తర్వాత తగ్గిపోయినా ఏడాదికొకసారి చూపించుకుంటూ ఉండాలి.

ఇక చూపించుకోవడం. ఇందులోనే సగం పొరపాట్లు జరుగుతాయి. ఎండలో నడిచి, మెట్లెక్కి, ఇంటి కబుర్లు చెబుతూ చెయ్యి చాపితే వచ్చే అంకె మన అంకె కాదు. అరగంట ముందు నుంచి టీ, కాఫీ వద్దు. మూత్రవిసర్జన చేసి రావాలి. వీపు ఆన్చి, పాదాలు నేల మీద పెట్టి, కాలు మీద కాలు వేసుకోకుండా ఐదు నిమిషాలు కూర్చోవాలి. చెయ్యి బల్ల మీద, గుండె ఎత్తున ఉండాలి. పట్టీ జాకెట్టు చెయ్యి మీద కాదు, చర్మం మీద చుట్టాలి. లావు చేతికి పెద్ద పట్టీ కావాలి. బిగువైన చిన్న పట్టీ ఉన్నదాని కంటే ఎక్కువ చూపిస్తుంది. చూసేటప్పుడు మాట్లాడకూడదు. మాట్లాడినందుకే పై అంకె 10 దాకా పెరగవచ్చు! ఒకటి రెండు నిమిషాలు ఆగి రెండోసారి కూడా చూసి రాసుకోవాలి. ఇంటికి మిషను కొనేవాళ్లు మణికట్టుకు కట్టేది కాక జబ్బకు కట్టేది కొనడం మేలు. కొన్నాం కదా అని గంటకొకసారి చూసుకుని బెంబేలు పడేవాళ్లూ ఉన్నారు. డాక్టరు చెప్పిన రోజుల్లో, పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి చాలు.

డబ్బు ఖర్చవుతుందని వెనకాడేవాళ్లకు ఒక మాట. ముప్పై ఏళ్లు నిండినవాళ్లందరికీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో, ఉపకేంద్రాల్లో, పట్నాల్లో బస్తీ దవాఖానాల్లో ఉచితంగా చూస్తారు. మందులూ అక్కడే ఇస్తారు. ఈ పని పద్ధతిగా చెయ్యడానికి 2017 నవంబరులో దేశంలో మొదలుపెట్టిన పథకంలో మొదటి విడత ఎన్నుకున్న ఐదు రాష్ట్రాల్లో తెలంగాణ ఒకటి. ఆ పథకానికి 2022లో ఐక్యరాజ్యసమితి బహుమతి కూడా వచ్చింది.

ఇప్పుడు మన రాజ్యానికి, అంటే వంటింటికి వద్దాం. ఉప్పు మాట. మనిషికి రోజు మొత్తానికి 5 గ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ, మన హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ కూడా చెబుతున్నాయి. అంటే చదునుగా ఒక చిన్న చెంచా. అన్నంలోది, కూరలోది, పచ్చట్లోది, సాయంత్రం మిక్చరులోది, అన్నీ కలిపి! ఉప్పులో ఉండే సోడియం ఒంట్లో నీటిని పట్టి ఉంచుతుంది, నాళాలను బిగుసుకునేలా చేస్తుంది. గొట్టంలో నీళ్లు పెరిగి, గొట్టం సన్నబడితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు కదా.

రోజూ చెంచాతో కొలుస్తూ ఎవరు కూర్చుంటారు? దానికొక సులువైన లెక్క చెబుతాను. ఇంట్లో నలుగురుంటే రోజుకు 20 గ్రాములు. అంటే కిలో ఉప్పు పొట్లం యాభై రోజులు రావాలి. పొట్లం విప్పిన తారీఖు దాని మీదే రాసి పెట్టండి. నేను రాసి చూస్తే మా ఇంట్లో ముప్పై రెండో రోజుకే ఖాళీ అయింది. అదీ ఊరగాయల ఉప్పు లెక్కలో లేకుండా! కొనుక్కొచ్చే చిరుతిళ్లలోదీ లేదు. ఆ రోజు నుంచి ఇంకొకరి వంటకు వంకపెట్టడం మానేశాను.

ఆవకాయ మానెయ్యండని చెప్పే ధైర్యం నాకు లేదు. చెప్పినా మీరు వినరు, నేనూ వినను. కాని ఆవకాయలో కారం ఎంత పోస్తామో ఉప్పూ ఇంచుమించు అంతే పోస్తాం కదా. కనుక ఆవకాయ వేసుకున్న పూట పప్పులో ఉప్పు తగ్గించండి. పెరుగన్నంలో ఉప్పు కలిపి, మళ్లీ ఊరగాయ నంజుకుని, పైన చల్ల మిరపకాయ కొరుక్కోవడం మూడింతలు. అప్పడాలు, వడియాలు, ఎండు చేపలు, కొనుక్కొచ్చే మిక్చరు, నూడిల్సులో వచ్చే మసాలా పొట్లం, సాసులు, అన్నీ ఉప్పు గనులే. వంటసోడా కూడా సోడియమే. సైంధవ లవణమైతే మంచిదట కదా అని అడుగుతారు. అదీ ముఖ్యంగా ఆ సోడియం క్లోరైడే, రంగు మారిందంతే. పైగా మామూలు పొట్లంలో కలిపే అయోడిను దానిలో సరిగా అందకపోవచ్చు.

ఇంకొక సంగతి ఉంది. ఇది డాక్టర్లు చెప్పగా వినలేదు, మన ఇళ్లల్లో చూసి చెబుతున్నాను. అందరికీ వడ్డించి ఆఖరున మనం కూర్చునేసరికి గిన్నెలో కూర ఉండదు. మిగిలిన అన్నంలో ఇంత పచ్చడి, ఇంత చల్ల. "ఏదో ఒకటి, నాకెందుకు వేరే" అంటాం. అలా ఇంట్లో అందరికంటే ఎక్కువ ఉప్పూ, అందరికంటే తక్కువ కూరా తినే మనిషి ఇల్లాలే. కూరలు, ఆకుకూరలు, పళ్లలో ఉండే పొటాషియం సోడియానికి విరుగుడు. ఆ విరుగుడు మనకే అందడం లేదు. మీ వాటా కూర మీరు వడ్డించేముందే ఒక గిన్నెలో తీసి మూతపెట్టండి. తప్పేమీ లేదు.

ఉప్పు ఒక్కసారి సగం చేస్తే ఇంట్లో తిరుగుబాటు లేస్తుంది. చెంచాలో కొస మేరకు తగ్గిస్తూ పొండి. కొద్ది వారాల్లో నాలుక దారికొస్తుంది. పులుపు ఉంటే ఉప్పు తక్కువైనట్టు తెలియదు. మన పచ్చిపులుసు అందుకు బాగా పనికొస్తుంది. చింతపండు, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, వేయించిన జీలకర్ర దండిగా వేసి ఉప్పు సగం వేసి చూడండి. కూరల్లో నిమ్మరసం, వెల్లుల్లి, కొత్తిమీర, ధనియాల పొడి అదే పని చేస్తాయి.

సోడియం తగ్గించి పొటాషియం కలిపిన ఉప్పు పొట్లాలు కూడా బజారులో ఉన్నాయి. మన తెలంగాణలోనే ఏడు పల్లెల్లో రక్తపోటు ఉన్న 502 మందికి మూడు నెలలు ఇచ్చి చూస్తే, మామూలు ఉప్పు తిన్నవాళ్ల కంటే పై అంకె సుమారు 4.6 తగ్గింది. చైనాలో 600 పల్లెల్లో చూసిన ఇంకా పెద్ద పరీక్షలో పక్షవాతాలు నూటికి 14 వంతులు తగ్గాయని 2021లో తేల్చారు. అయితే మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్లకు ఈ ఉప్పు ప్రమాదం. కొన్ని బి.పి. మాత్రలు కూడా ఒంట్లో పొటాషియాన్ని పెంచుతాయి. కాబట్టి డాక్టరును అడగకుండా ఆ పొట్లం ముట్టుకోవద్దు.

నడక గురించి మీకు తెలియనిది కాదు. వారంలో ఐదు రోజులు అరగంట, కాస్త వేగంగా. "పొద్దుటి నుంచి ఇంట్లో నడుస్తూనే ఉన్నాం కదా" అంటారు గాని, వంటింటికీ వరండాకూ మధ్య తిరగడం అలసట తెస్తుందే తప్ప గుండెకు అంత పని చెప్పదు. బరువు పెరిగితే తగ్గించుకోవాలి. పొగాకు ఏ రూపంలోనైనా, నమిలినా పీల్చినా, నాళాలకు శత్రువే. మగవాళ్ల మందు సంగతి మీరే చూసుకోవాలి.

నెలసరి ఆగిపోయే వయసు దాటాక ఆడవాళ్లలో పోటు వేగంగా పెరుగుతుంది. సరిగ్గా ఆ వయసులోనే మోకాళ్ల నొప్పులు మొదలవుతాయి. నొప్పులకని రోజూ వేసుకునే మాత్రలు చాలావరకు రక్తపోటును పెంచుతాయి. కొన్ని జలుబు మాత్రలు, కొందరిలో గర్భనిరోధక మాత్రలు కూడా అంతే. దగ్గుకని రోజుల తరబడి అతిమధురం చప్పరించినా పెరుగుతుంది. డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు వేసుకునే మాత్రలన్నీ ఒక సంచిలో పట్టుకుపొండి, షాపువాడిచ్చినవి కూడా.

చివరికి మాత్రల సంగతి. "ఒకసారి మొదలుపెడితే అలవాటైపోతుంది, జీవితమంతా వాడాలి" అని భయపడతారు. అలవాటు కాదమ్మా. కళ్లజోడు పెట్టుకుంటే అక్షరాలు కనిపిస్తాయి, తీస్తే మళ్లీ మసకే. కళ్లజోడు అలవాటైందని అంటామా? మాత్ర వేసుకున్నందువల్లే అత్తమ్మకు 128 వచ్చింది. పోటు పోయినందువల్ల కాదు. మందు మానగానే మళ్లీ పెరిగింది, ఎప్పటిలా చప్పుడు లేకుండా. బరువు తగ్గి, ఉప్పు తగ్గి, అంకె బాగా కిందికి వస్తే మోతాదు తగ్గించవచ్చు. అది డాక్టరు చూసి చెయ్యవలసిన పని. మాత్ర వేసుకుంటే కాళ్లు వాచినా, పొడిదగ్గు వచ్చినా, లేవగానే తూలినా మానెయ్యకుండా వెళ్లి చెప్పండి. వేరే రకం ఇస్తారు, మందులకేం కరువు లేదు. వెల్లుల్లి, మునగాకు కూరగా తినండి, మంచిదే. మాత్రకు బదులుగా మాత్రం కాదు. ఒక్కపొద్దు రోజున కూడా మాత్ర మానకూడదు. గుక్కెడు నీళ్లతో ఏ దేవుడికీ కోపం రాదు.

మూతి వంకరపోయినా, ఒక చెయ్యి పైకి లేవకపోయినా, మాట తడబడినా గడియారం చూసి టైము గుర్తుపెట్టుకుని వెంటనే 108కి ఫోను చెయ్యండి. నాళం పూడుకుపోయిన పక్షవాతానికి గడ్డను కరిగించే ఇంజెక్షను ఉంది. కాని, మొదలైన నాలుగున్నర గంటల లోపల ఇవ్వాలి, అంతకు ముందు తలకు స్కాను తియ్యాలి. నూనె రాస్తూ, పసరు మందు కోసం ఊరు వెతుకుతూ కూర్చుంటే ఆ గంటలు పోతాయి. అత్తమ్మకు పోయినవి ఆ గంటలే. నోట్లో నీళ్లు గాని, మాత్ర గాని పోయకండి, మింగలేక ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

అత్తమ్మ ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చాక మా ఆడబిడ్డ ఒక మిషను కొన్నది. రోజూ ఆమెకు చూసి నోటుబుక్కులో రాసేది. రెండు నెలల తర్వాత నేను హసన్‌పర్తి వెళ్లినప్పుడు, "నీది ఎప్పుడైనా చూసుకున్నావా?" అని అడిగాను.

"నాకేంది వదినా, మంచిగనే ఉన్న. నాకు చూసుకునే తీరిక యాడిది?" అన్నది.

నలభై మూడేళ్ల మనిషి. పట్టుకుని కూర్చోబెట్టి, ఐదు నిమిషాలు ఆగి కట్టి చూశాను. 154/98 వచ్చింది. రెండు నిమిషాలకు మళ్లీ చూస్తే 152/96. మంచం మీది నుంచి అత్తమ్మ ఎడమచెయ్యి చాపి ఆ నోటుబుక్కు తెమ్మని సైగ చేసింది. కొత్త పేజీ తిప్పి దాని మీద కోడలి పేరు రాయమని వేలు పెట్టి చూపించింది. ఆ వారమే ఇద్దరూ కలిసి డాక్టరు దగ్గరికి వెళ్లారు. ఇప్పుడు దేవుడి గూటి పక్కన రెండు మాత్రల డబ్బాలుంటాయి. పొద్దున టీ నీళ్లు పొయ్యి మీద పెట్టేటప్పుడు మొదట మాత్ర వేసుకునేది అత్తమ్మే, కోడలు కూడా వేసుకునే దాకా ఆమె టీ గ్లాసు పట్టుకోదట.